పలచటి సైలెన్సర్ పైపుకు ఇంట్లోనే వెల్డింగ్: బొక్కలు పడకుండా ఎట్లా?

అన్నలూ, మాది హనుమకొండ. నా పాత మారుతి 800 సైలెన్సర్ పైపు వెనక సగం తుప్పుపట్టి రాలిపోయింది, కొత్తది కొనే బదులు ఇంటి షెడ్‌లో నేనే చేసుకుందామని కూర్చున్నా. ఇనుప పైపు మందం 1.2 మి.మీ. మాత్రమే. నా దగ్గర చిన్న ఇన్వర్టర్ ఆర్క్ మెషిన్ ఉంది, 2.5 మి.మీ. వెల్డింగ్ రాడ్‌తో 70 ఆంప్స్‌ పెట్టి ముట్టించానో లేదో, అతుకు పక్కనే చిటికెన వేలు పట్టేంత బొక్క! ఆంప్స్ తగ్గిస్తే రాడ్ అతుక్కుపోతోంది. వంపు కోసం పైపును ముక్కలుగా ఏటవాలుగా కోసి కలుపుతున్నా, అంటే అతుకులు ఇంకా ఎక్కువ.

2 మి.మీ. రాడ్‌తో ఆగి ఆగి చుక్కలు పెడితే సరిపోతుందా, లేక మిగ్ మెషిన్ (రాడ్ బదులు సన్న తీగ దానంతటదే వచ్చే వెల్డింగ్ మెషిన్) అద్దెకు తేవాలా? స్టెయిన్‌లెస్ 304 అయితే టిగ్ (ఆర్గాన్ గ్యాస్ వదులుతూ టంగ్‌స్టన్ సూదితో చేసే వెల్డింగ్) చేసేటప్పుడు పైపు లోపలికి కూడా ఆర్గాన్ వదలాలంటున్నారు, ఇంట్లో అదెట్లా కుదురుతుంది? ఒకాయన జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు వాడమన్నాడు, జింకు పొగకు జ్వరం వస్తుందని తెలిసి దాని జోలికి పోలేదు. బండి కిందే టాక్ చేయాలి (ముందుగా చిన్న చుక్కలతో అతికించాలి) కాబట్టి బ్యాటరీ వైర్లు ముందే తీసేశా. వరంగల్ వైపు మిగ్ మెషిన్ అద్దెకు దొరికే చోటు తెలిస్తే అదీ చెప్పండి.