హాంకాంగ్ హ్యాపీ వ్యాలీ రేసులు: పందెం కాయనివాళ్లు వెళ్తే బోర్ కొడుతుందా?

ప్రశ్న (సంచి_సర్దేశా)

వచ్చే నెల హాంకాంగ్ వెళ్తున్నాం, నేను, మా ఆవిడ, పదిహేనేళ్ల మా అబ్బాయి. మధ్యలో ఒక బుధవారం రాత్రి ఖాళీగా ఉంది, ఎవర్ని అడిగినా హ్యాపీ వ్యాలీ గుర్రప్పందాలకి వెళ్లమంటున్నారు. నాకు గుర్రాల గురించి ఓనమాలు కూడా తెలియవు, పందెం మీద డబ్బు పెట్టాలన్న ఉబలాటమూ లేదు. అలాంటివాళ్లం అన్ని గంటలు అక్కడ కూర్చుని ఏం చేస్తాం? టికెట్ ముందే కొనుక్కోవాలా? బట్టల విషయంలో రూల్స్ ఏమైనా ఉన్నాయా? మావాడైతే ఇప్పటికే వీడియోలన్నీ చూసేసి తెగ ఊగిపోతున్నాడు.

రాత్రి_ట్రామ్

ముందు చేదు మాట చెప్పేస్తాను. మీవాణ్ణి లోపలికి రానివ్వరు. పద్దెనిమిది నిండనివాళ్లకి పందేలు కాసే చోట ప్రవేశం లేదు, పక్కన అమ్మానాన్న ఉన్నా సరే. గేటు దాకా తీసుకెళ్లి వెనక్కి తిప్పడం కంటే ఇప్పుడే చెప్పేయండి.

మిగతావి తేలికే. మామూలు ప్రవేశం 10 హాంకాంగ్ డాలర్లు, ముందుగా కొనక్కర్లేదు, ఆక్టోపస్ కార్డు (అక్కడ రైళ్లకీ షాపుల్లోనూ వాడే ప్రీపెయిడ్ కార్డు) గేటు దగ్గర ఆనిస్తే చాలు. పబ్లిక్ గ్యాలరీలో బట్టల గురించి ఎవరూ పట్టించుకోరు. పాస్‌పోర్ట్ చూపిస్తే టూరిస్టులకి రేసులు నడిపే క్లబ్ మెంబర్ల వైపు వెళ్లే బ్యాడ్జి కూడా అమ్ముతారు గానీ దాని ధర చాలా ఎక్కువ, అక్కడ కాస్త నీటుగా ఉండాలి. మొదటిసారి వెళ్లేవాళ్లకి అది దండగని నా ఉద్దేశం, అసలు సందడంతా కిందే ఉంటుంది.

ఒక్కటి మాత్రం చూసుకోండి. ప్రతి బుధవారమూ ఇక్కడే ఉంటాయనేం లేదు, కొన్నిసార్లు హాంకాంగ్‌లోనే ఉన్న ఇంకో రేస్‌కోర్సు షాటిన్‌లో పెడతారు. సీజన్ సెప్టెంబర్ నుంచి జులై మధ్య దాకానే. క్యాలెండర్ చూడకుండా ప్లాన్ వేసుకోకండి. రైల్లో వెళ్తే కాజ్‌వే బేలో దిగి కాస్త నడవాలి, నేనైతే ట్రామే ఎక్కుతాను.

ప్యాడాక్_పిచ్చి

బోర్ కొడుతుందా అంటే, మీరు ఎక్కడ నిలబడతారన్నదాన్ని బట్టి. చాలామంది టూరిస్టులు బీర్ గార్డెన్‌లో ఒక గ్లాసు పట్టుకుని రాత్రంతా అక్కడే ఉండిపోతారు, గుర్రాలు దూసుకుపోయే ఆ కొద్ది క్షణాలు తప్ప రేసుల గురించి ఏమీ చూడకుండానే తిరిగొచ్చేస్తారు. ఒక్కో రేసూ నిమిషం పైచిలుకే, రెండు రేసుల మధ్య మాత్రం దాదాపు అరగంట ఉంటుంది. ఆ అరగంటని ఎలా వాడుకుంటారన్నదే అసలు సంగతి.

నా మాట వింటే, రేసు అయిపోగానే ప్యాడాక్ దగ్గరికి వెళ్లండి. తర్వాతి రేసులో పరిగెత్తే గుర్రాల్ని అక్కడ గుండ్రంగా నడిపిస్తారు. ఏది నిమ్మళంగా తలదించి నడుస్తోంది, ఏది అప్పుడే చెమటలు కక్కుతూ బెదురుతోంది అన్నది ఏమీ తెలియనివాళ్లకి కూడా కాసేపటికి కనిపిస్తుంది. జాకీలు వచ్చి ఎక్కుతారు. అది చూసుకుని ట్రాక్ కంచె దగ్గరికి నడిచి రండి. ఇక్కడ ఎక్కువలో ఎక్కువ 12 గుర్రాలే పరిగెత్తుతాయి, ట్రాక్ చిన్నది, మలుపులు బిగువు, చుట్టూ ఆకాశహర్మ్యాలు. గుంపు మీ ముందునుంచి పోయేటప్పుడు డెక్కల చప్పుడు చెవికంటే ముందు కాళ్లకి తెలుస్తుంది. ఫోటోలకి ఫ్లాష్ మాత్రం వేయొద్దు, గుర్రాలు బెదురుతాయి.

పందెం సంగతి కూడా చెప్తాను, కాయకపోయినా బోర్డు మీద అంకెలు అర్థమైతే ఆట రక్తి కడుతుంది. అందరి డబ్బూ ఒక కుండలో పడుతుంది, అందులోంచి 17.5 శాతం ముందే తీసేసి (విన్, ప్లేస్ పందేలకి) మిగిలింది గెలిచినవాళ్లు పంచుకుంటారు. అందుకే గుర్రాలు బయల్దేరేదాకా ఆడ్స్ (గెలిస్తే పెట్టినదానికి ఎన్ని రెట్లు వస్తుందో చెప్పే అంకెలు) మారుతూనే ఉంటాయి, జనం దేని మీద ఎగబడితే దాని అంకె పడిపోతుంది. కనీస పందెం 10 డాలర్లు. ఆడ్స్ 5 అని ఉంటే, గెలిస్తే మీ పదితో కలిపి 50 వస్తాయి. ‘విన్’ అంటే మొదటి స్థానమే రావాలి, ‘ప్లేస్’ అంటే మామూలుగా మొదటి మూడింట్లో వస్తే చాలు. ఆ కోత తెలిశాక లాభం మీద ఆశ పెట్టుకోరు కాబట్టి, రేసుకి పది చొప్పున పెట్టి అరుచుకోవడానికి టెన్షన్ ఏమీ ఉండదు.

కళ్లెం_విప్పు

అందరూ పండగలా చెప్తున్నారు కాబట్టి రెండో వైపు నేను చెప్తాను. కొరడా దెబ్బలు, కాళ్లు విరిగే గుర్రాలు, ఇవీ ఇందులో భాగమే, చూడలేనివాళ్లు వెళ్లకపోవడమే మేలు. ఇంకోటి, మీరు నిలబడే చోటు చరిత్ర కూడా తెలుసుకుని వెళ్లండి. దోమలతో జ్వరాలు పుట్టించే చిత్తడి నేలని పూడ్చి 1840లలో ఈ ట్రాక్ వేశారు. 1918 ఫిబ్రవరి 26న రేసులు జరుగుతుండగా వెదురుతో కట్టిన తాత్కాలిక గ్యాలరీ కూలింది, కింద వంటపొయ్యిల నిప్పంటుకుని దాదాపు ఆరువందల మంది చనిపోయారు. అక్కడ బీర్ తాగేవాళ్లలో ఎంతమందికి తెలుసో!

ప్యాడాక్_పిచ్చి

కొరడా విషయంలో మీతో వాదించను. నాకూ నచ్చదు, వాడకం మీద పరిమితులున్నా సరే.

సంచి_సర్దేశా

అందరికీ థాంక్స్ అండీ. వయసు సంగతి అస్సలు తెలియదు, మావాడికి చెప్తే మొహం మాడ్చుకున్నాడు. వాణ్ణి హోటల్లో వదిలేసి మేమిద్దరం వెళ్లడం బాగోదు. వాడికి చూపించే దారే లేదా?

రాత్రి_ట్రామ్

రేసు చూపించలేరు గానీ ట్రాక్ చూపించొచ్చు. రేసులు లేని పగటిపూట వెళ్లండి, ట్రాక్ మధ్యలో ఉన్నవి జనం ఆడుకునే ఫుట్‌బాల్ మైదానాలే, లోపలికి వెళ్లి చుట్టూ చూసుకోవచ్చు. రోడ్డు అవతల హిందూ గుడి కూడా ఉంది, మీ ఆవిడకి నచ్చొచ్చు. బుధవారం రాత్రి మాత్రం హ్యాపీ వ్యాలీ బోర్డున్న ట్రామ్ పై అంతస్తు ఎక్కండి, అది రేస్‌కోర్సుని చుట్టే వెళ్తుంది. లైట్లు, జనం, అదృష్టం బాగుంటే అరుపులూ. దిగాక మీరిద్దరూ వంతులేసుకుని ఒకరు లోపలికి, ఒకరు మీవాడితో బయట. పది డాలర్లే కాబట్టి రెండు రేసులు చూసి వచ్చేసినా నష్టం లేదు.