1983 అంబాసిడర్‌కి ఇసుజు ఇంజిన్, ముందు కాయిల్ స్ప్రింగులు: చేయించాలా, వద్దా?

రావులపాలెం_బండి:
మా నాన్నగారి 1983 అంబాసిడర్ మార్క్ 4 ఉంది. పెట్రోల్, 1489 సీసీ. బాడీ గట్టిగానే ఉంది, తుప్పు డిక్కీ అడుగున మాత్రమే. ఇంజిన్ పొగ వదులుతోంది, ఆయిల్ తాగుతోంది. గేరు స్టీరింగ్ పక్కన, నాలుగే గేర్లు. హైవే మీద 70 దాటితే ఆ మోతకి వెనక సీట్లో మాట వినపడదు. తుక్కుకి వెళ్తున్న 1800 ఐ.ఎస్.జెడ్. (తర్వాత వచ్చిన అంబాసిడర్ మోడల్) ఒకటి దొరికింది. దాని 1817 సీసీ ఇసుజు ఇంజిన్, ఐదు గేర్ల బాక్సు తీసి దీనికి వేయించాలని, ముందు టార్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే ఇనప కడ్డీలు) తీసేసి కాయిల్ స్ప్రింగులు పెట్టించాలని ఆలోచన. తెలిసినవాళ్ళు చెప్పండి.

కాకినాడ_క్లచ్:
వేయించెయ్ బ్రదర్. ఐదో గేరు అలవాటయ్యాక వెనక్కి చూడవు.

అసలు_బండి:
వేయించెయ్యమనడం తేలికే. ముందు ఆ బండిలో ఏముందో చూడండి. మీ 1489 సీసీ ఇంజిన్ బ్రిటన్ కార్ల కంపెనీ బి.ఎమ్.సి. వాళ్ళ బి-సిరీస్. 1955లో వచ్చిన ఎమ్.జి.ఏ. స్పోర్ట్స్ కారులో పెట్టింది కూడా ఈ 1489 సీసీ ఇంజినే. అది చేతకాని ఇంజిన్ కాదు, మీది అరిగిపోయింది అంతే. అరిగిన సిలిండర్లకి బోరింగ్ చేయించి, పిస్టన్లు రింగులు మార్చి, వాల్వ్ గైడ్లు వేసి, క్రాంకు గ్రైండింగ్ చేయిస్తే మళ్ళీ చాలా ఏళ్ళు నడుస్తుంది.

సస్పెన్షన్ సంగతి ఇంకా ముఖ్యం. అంబాసిడర్‌లో టార్షన్ బార్లు ముందు నుంచి వెనక్కి నేల కింద పొడుగ్గా ఉంటాయి. చక్రం గుంతలో పడితే ఆ బరువు వెళ్ళి బండి మధ్యలో, ఫ్లోర్ కింద ఉన్న క్రాస్ మెంబర్ (అడ్డ దూలం) మీద పడుతుంది. కాయిల్ స్ప్రింగ్ పెడితే అదే బరువు పైకి, మడ్‌గార్డు లోపలి రేకు మీద పడుతుంది. ఆ రేకు అంత బరువు మోయడానికి చేసింది కాదు. వేరే ఛాసిస్ లేని బండి ఇది, బాడీయే ఛాసిస్. కొన్నాళ్ళకి వెల్డింగ్ దగ్గర పగులు వస్తుంది. అది వచ్చేది ఎక్కడో కాదు, స్టీరింగ్ పక్కనే.

ఆటోనగర్_వెల్డర్:
అన్నా, ఊరికే రేకు మీద స్ప్రింగు కూర్చోబెట్టేవాడు మెకానిక్కే కాదు. బెజవాడ ఆటోనగర్‌లో ఈ పని చాలా కాలంగా చేస్తున్నాను. మొదట సబ్‌ఫ్రేమ్ (అదనపు ఇనప చట్రం) కట్టి, అది కింది దూలాలకి పట్టేలా బ్రాకెట్లు వేసి, అప్పుడే స్ప్రింగు టవర్ పెడతాం. లోపలి రేకుకి డబుల్ ప్లేటు వేస్తాం.

ఇక ఇంజిన్. ఇసుజు ఇంజిన్‌ని అంబాసిడర్‌లో పెట్టింది నేను కాదు, 1990ల మొదట్లో ఫ్యాక్టరీ వాళ్ళే పెట్టారు. బాడీ దాదాపు అదే. మౌంట్లు, రేడియేటర్, వెనక చక్రాలని తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ కొలతలు అన్నీ ఆ తుక్కు బండిలోంచే వస్తాయి. షాఫ్టు బ్యాలెన్సింగ్ తప్పనిసరి, లేకపోతే ఒక స్పీడు దగ్గర బండి మొత్తం వణుకుతుంది. పాత ఇంజిన్ 50 హార్స్‌పవర్ చిల్లర, ఇది 75 దాకా ఇస్తుంది. పాతది బోరింగ్ చేయిస్తే ఎన్నాళ్ళు వస్తుందో, మార్కెట్‌లో దొరికే పిస్టన్ సెట్టు చేతిలోకి వచ్చాకగాని చెప్పలేం.

రూల్_బుక్:
మీ ఇద్దరూ సి బుక్ సంగతే ఎత్తడం లేదు. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52: తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసులో ఇదే తేల్చి చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణలో సెక్షన్ 182ఎ వచ్చింది: అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఇంజిన్ ఒక మార్పు, సస్పెన్షన్ ఇంకో మార్పు.

ఆటోనగర్_వెల్డర్:
అదే కంపెనీ ఇంజిన్ సార్. హిందుస్థాన్ మోటార్స్ బండి, హిందుస్థాన్ మోటార్స్ ఇంజిన్.

రూల్_బుక్:
కంపెనీ ఒకటైతే సరిపోదు. సి బుక్‌లో 1489 సీసీ అని ఉంటుంది. మీరు 1817 పెడుతున్నారు. ఇంజిన్ నంబరూ మారుతుంది.

ఆటోనగర్_వెల్డర్:
ముందే దరఖాస్తు పెట్టి, పాత ఇంజిన్ బిల్లు, కొత్త ఇంజిన్ బిల్లు చూపిస్తే ఎందుకు రాయరు? ఇంధనం మారలేదు, పెట్రోలే.

రూల్_బుక్:
రాస్తారని మీరు రాసిస్తారా? నా ప్రశ్న ఒక్కటే: 1489, 1817 ఒకటేనా?

ఆటోనగర్_వెల్డర్:
ఒకటి కాదు. అందుకే అనుమతి అడగమంటున్నా.

రూల్_బుక్:
ఒకటి కాదని ఒప్పుకున్నారు. చాలు.

జీపు_కొన్నవాడు:
సి బుక్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. నేనొక పాత జీపు కొన్నాను. అమ్మినవాడు ఇంజిన్ మార్పించాడు, పుస్తకంలో మార్పించలేదు. కొన్నప్పుడు నాకు చూపించింది టైర్లు, పెయింటు, మ్యూజిక్ సిస్టమ్. పదిహేనేళ్ళు నిండి రెన్యువల్‌కి తీసుకెళ్తే ఇన్‌స్పెక్టర్ ఇంజిన్ నంబరు గీకి చూశాడు, పుస్తకంలో ఉన్నది వేరు. అమ్మినవాడు ఫోన్ ఎత్తడు, పని చేసిన మెకానిక్ నాకు తెలియదంటాడు. బండి మా పెరట్లో ఉంది. ప్రతి చర్చలోనూ "అనుమతి తెచ్చుకుంటే సరి" అనేవాళ్ళు ఉంటారు. తెచ్చుకున్నవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి.

కాకినాడ_క్లచ్:
నీ జీపుకి ఈయన కారుకి సంబంధం ఏంటి? ఈయన సొంత బండి, అమ్మే ఉద్దేశమే లేదు.

జీపు_కొన్నవాడు:
నాకు అమ్మినవాడు కూడా మొదట్లో అదే అనుకుని ఉంటాడు.

అసలు_బండి:
ఇంకో మాట. ఈ బండికి 2033లో యాభై ఏళ్ళు నిండుతాయి. 2021 నిబంధనల ప్రకారం యాభై దాటిన బండికి వి.ఎ. అక్షరాలతో వింటేజ్ నంబరు ఇస్తారు, కానీ ఇంజిన్, బాడీ అసలు రూపంలో ఉండాలి. ఇప్పుడు కోస్తే ఆ దారి శాశ్వతంగా మూసుకుపోతుంది.

రూల్_బుక్:
ఆ నంబరు ఉన్న బండిని మామూలు రాకపోకలకి వాడకూడదు. ఆయన అడిగింది హైవే గురించి.

ఆటోనగర్_వెల్డర్:
అదీ విషయం! అన్నకి కావాల్సింది బండి నడవడం కాదు, గుడ్డ కప్పి ఉండడం. ఏడాదికోసారి తుడిచి, ఫొటో తీసి, మళ్ళీ కప్పేస్తారు. పార్టు కావాలంటే ఇంగ్లండ్ నుంచి తెప్పించుకుంటారు. ఆ డబ్బు ఎంతమందికి ఉంది? మా గురువు బి-సిరీస్ ఇంజిన్‌ని చప్పుడు విని ఏ వాల్వో చెప్పేవాడు. ఆయన షెడ్డుకి చివర్లో ఒక్క అంబాసిడర్ రాలేదు. "ఒరిజినల్" అని మాట్లాడేవాళ్ళు వచ్చి కూలీ దగ్గర బేరమాడి వెళ్ళారు. ఆయన్ని బతికించింది మీరు వద్దంటున్న ఈ మార్పుల పనే.

అసలు_బండి:
గుడ్డ కప్పానో లేదో మీకెలా తెలుసు? నా మార్క్ 3లో మా పిల్లల్ని స్కూలుకి తీసుకెళ్ళాను. ట్రనియన్లకి (ముందు చక్రాల కీళ్ళకి) గ్రీజు నేనే కొడతాను, ఎందుకంటే అది మానేస్తే నడుస్తున్న బండికి చక్రం ఊడుతుందని తెలుసు. నన్ను డబ్బున్నవాడినని తేల్చేసే ముందు అడగాల్సింది.

సరే, నాకు నిజంగా బాధ ఎక్కడో చెప్తాను. ఆ తుక్కు 1800 గురించి ఇక్కడ ఒక్కరైనా అడిగారా? దాని ఇంజిన్ తీసి వేరే బండిలో పెట్టేంత బాగుందంటే, ఆ బండి కూడా బాగుపడేదే కదా! ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో 2014లో తయారీ ఆగిపోయింది, ఇక ఒక్కటీ రాదు. ఇంజిన్ కోసం ఒకదాన్ని చంపుతున్నారు, ఆ ఇంజిన్ పెట్టడానికి రెండోదాన్ని కోస్తున్నారు. నా బండికి డోర్ కావాలన్నా, గ్రిల్ కావాలన్నా ఊరూరూ తిరుగుతున్నాను. దొరికేవన్నీ ఇలా కోసిన బాడీలే.

ఆటోనగర్_వెల్డర్:
ఆ 1800ని ఈయనకి చూపించింది నేనే. దాని ఓనరు చనిపోయారు, పిల్లలు వేరే ఊళ్ళో ఉన్నారు, కాగితాలు లేవు. నేను తీసుకోకపోతే గ్యాస్ కట్టర్ తీసుకుంటుంది. ఇంజిన్ అయినా బతుకుతుంది కదా అన్నా. మీకు బాడీ ముఖ్యం, నాకు అది రోడ్డు మీద తిరగడం ముఖ్యం. తిరగని బండికి పార్టులు ఎవరూ చేయరు, పని ఎవరూ నేర్చుకోరు.

ఇ20_బాధ:
పాత ఇంజిన్ ఉంచినా సరే, 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌కి పాత రబ్బరు పైపులు, ఇంజిన్‌కి పెట్రోల్ అందించే పంపు డయాఫ్రం పాడవుతాయి. అవి ముందు మార్చండి.

రావులపాలెం_బండి:
ఇంత దూరం వస్తుందనుకోలేదు. అసలు సంగతి చెప్తాను. స్పీడు నా కోసం కాదు. అమ్మకి నడుం నొప్పి. హైదరాబాద్‌లో అన్నయ్య దగ్గరికి వెళ్ళాలంటే నాన్న బండిలోనే వెళ్తానంటుంది, కొత్త కారు ఎక్కదు. కిందటిసారి ఏలూరు దాటేసరికే ఆపమంది, గుంతల్లో కుదుపు తట్టుకోలేకపోయింది.

అసలు_బండి:
ఇది మొదటి పోస్టులో రాయాల్సింది. అమ్మగారు వెనక సీట్లో కూర్చుంటారు. మీరు మారుస్తానంటున్నది ముందు స్ప్రింగులు. వెనక ఉన్నవి కమాన్ పట్టీలు. వాటి మధ్య తుప్పు పట్టి ఒకదానితో ఒకటి బిగుసుకుపోతే స్ప్రింగులా కాదు, దూలంలా పనిచేస్తాయి. ఆ సెట్టు దించి, శుభ్రం చేసి, విరిగిన పట్టీ మార్చి, షాకిల్ బుష్‌లు (కమాన్ చివర ఉండే రబ్బర్లు), వెనక షాకబ్జర్లు కొత్తవి వేయండి. సీటు స్ప్రింగులు, కొబ్బరిపీచు పరుపు మార్పించండి. అమ్మగారి నడుముకి కావాల్సింది ఇంతే. ఇందులో దేనికీ సి బుక్ మార్చక్కర్లేదు.

ఆటోనగర్_వెల్డర్:
వెనక కమాన్ల మాట నిజం, దానికి నేను అడ్డు చెప్పను. కానీ ఆ ఇంజిన్‌తో హైదరాబాద్ దాకా 70లోనే వెళ్తే ఎన్ని గంటలు కూర్చోవాలి? కుదుపు తగ్గినా కూర్చునే గంటలు తగ్గవు. గంటలు తగ్గాలంటే ఐదో గేరు కావాలి.

అసలు_బండి:
ఐదో గేరుతో 100లో వెళ్తారు. 80 నుంచి 100కి వెళ్తే బ్రేకులు ఆపాల్సిన శక్తి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే. బ్రేకుల మాట మీరు ఇప్పటిదాకా ఎత్తలేదు.

ఆటోనగర్_వెల్డర్:
ఎత్తలేదు, ఎందుకంటే డిస్కు బ్రేకులు, బ్రేకు బూస్టర్ లేకుండా ఈ పని నేను ఒప్పుకోను. తర్వాతి మోడళ్ళలో ఫ్యాక్టరీ నుంచే ముందు డిస్కులు వచ్చాయి, అవి పడతాయి.

రూల్_బుక్:
అప్పుడది మూడో మార్పు.

రావులపాలెం_బండి:
మొదట వెనకవైపు కమాన్లు, బుష్‌లు, సీటు చేయిస్తాను. ముందు టార్షన్ బార్లు ముట్టుకోను. ఇంజిన్‌కి రాతపూర్వకంగా దరఖాస్తు పెడతాను. అనుమతి ఇస్తేనే డిస్కులతో కలిపి వేయిస్తాను, లేకపోతే పాతదే బోరింగ్. వెల్డర్ గారూ, ఆ ఇసుజు ఇంజిన్ అప్పటిదాకా ఉంచగలరా?

ఆటోనగర్_వెల్డర్:
ఇంకో ఇద్దరు అడుగుతున్నారు. కానీ అమ్మగారి మాట చెప్పారు కాబట్టి ఉంచుతాను. దరఖాస్తు నకలు పంపండి.

అసలు_బండి:
వెల్డర్ గారూ, ఆ 1800 డోర్లు, గ్రిల్, డ్యాష్‌బోర్డు కట్టర్‌కి ఇవ్వకండి. మీరు చెప్పిన ధరకే తీసుకుంటాను, బేరం ఉండదు. ఇంజిన్ మార్పిడి విషయంలో మాత్రం నా మాట మారదు.