తుంటి కీలు లోపంతో పోటీలకు దూరమైన జర్మన్ షెపర్డ్‌కు ఇంకా ఏ పని చేయించవచ్చు?

ప్రశ్న (కర్నూలు నుండి)

మా భైరవి రెండేళ్ళు నిండిన జర్మన్ షెపర్డ్. జాడ తీయడం, విధేయత, రక్షణ అనే మూడు విభాగాలకు నూరేసి మార్కులుండే ఐజీపీ పోటీ కోసం దాన్ని పిల్లగా ఉన్నప్పటి నుండి తయారుచేస్తున్నాను. ఈమధ్య అది పరుగులో వెనుక కాళ్ళు రెండింటినీ ఒకేసారి ఎత్తి వేస్తూ, పడుకుని లేచేటప్పుడు తడబడుతూ ఉండడంతో ఎక్స్‌రే తీయించాను. రెండు వైపులా తుంటి గిన్నెలు లోతు తక్కువగా ఉన్నాయని, తొడ ఎముక తల వాటిలో గట్టిగా కూర్చోవడం లేదని, దీన్ని హిప్ డిస్‌ప్లేసియా అంటారని డాక్టరుగారు చెప్పారు. డంబెల్ నోట కరచుకుని అడ్డుగోడ దూకడం, వాలుగోడ ఎక్కి దిగడం ఇక వద్దన్నారు. అవి లేకుండా ఆ పోటీ లేదు.

దీన్ని ఎవరి పొలానికైనా కాపలాకు ఇచ్చేసి కొత్త పిల్లను తెచ్చుకోమని తెలిసినవారు అంటున్నారు. ఆ మాట వినడమే నాకు కష్టంగా ఉంది. ఉదయం నేను పట్టీ చేతిలోకి తీసుకోగానే ఎదురుగా వచ్చి కూర్చుని నా ముఖంలోకి చూసే ప్రాణిని పని మానిపించి ఊరికే కట్టి ఉంచితే, అది దానికి శిక్షే అవుతుంది. ఏ పని చేయించవచ్చో, ఏది మానాలో అనుభవమున్నవారు చెప్పగలరు.

జవాబు (ప్రొద్దుటూరు నుండి)

నేను పశువైద్యుణ్ణి. ఈ లోపానికి మూలం తల్లిదండ్రుల నుండి వచ్చే అనేక జన్యువులలో ఉంటుంది కనుక, భైరవి చేత పిల్లలు పెట్టించవద్దు.

అన్నిటికంటే ముఖ్యమైనది బరువు. 2002లో వెలువడిన ఒక దీర్ఘకాల పరిశీలనలో 48 లాబ్రడార్లను జతలుగా చేసి, ప్రతి జతలో ఒకదానికి రెండోదానికంటే 25 శాతం తక్కువ తిండి పెడుతూ వచ్చారు. అలా సన్నగా ఉన్నవాటిలో తుంటి కీళ్ళవాతం ఆలస్యంగానూ తక్కువగానూ కనబడింది, సగటు ఆయుష్షు కూడా సుమారు రెండేళ్ళు పెరిగింది. పక్కటెముకలు చేతికి సులువుగా తగిలేలా ఉంచండి. ఇంట్లో పెద్దవారు ముద్దుగా పెట్టే నెయ్యి వేసిన సంగటిముద్ద కూడా లెక్కలోకి వస్తుంది.

మన వైపు ఇళ్ళలో నున్నగా పాలిష్ పట్టిన కడప బండలే ఎక్కువ. వాటి మీద వెనుక కాళ్ళు పక్కకు జారిన ప్రతిసారీ కీలు మీద భారం పడుతుంది కాబట్టి, అది తిరిగే చోటల్లా గోనెపట్టాలో కొబ్బరిపీచు చాపలో పరవండి. నొప్పికి మనుషులు వాడే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు ఎట్టి పరిస్థితిలోనూ వేయకండి. అవి కుక్కలకు కడుపులో పుండ్లు తెచ్చి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

జవాబు (అనంతపురం నుండి)

అన్నా, పొలం కాపలాకు మాత్రం ఇవ్వకండి. మా వైపు వేరుశనగ చేలలో కాపలా అంటే రాత్రంతా అడవిపందుల వెంటపడి, గట్లు దూకి, ఉన్నట్టుండి పక్కకు మళ్ళడమే. డాక్టరుగారు వద్దన్నవన్నీ అక్కడ అదుపు లేకుండా జరుగుతాయి.

మా లాబ్రడార్‌కు మోచేతి కీలు లోపం బయటపడినప్పుడు నేనూ పోటీ ఆశ వదులుకున్నాను గానీ, జాడ తీయించడం వదలలేదు. ఐజీపీ మొదటి స్థాయిలో యజమాని నడిచిన 300 అంగల జాడను 20 నిమిషాలు గడిచాక కుక్క తల దించి వాసన పట్టుకుంటూ పోవాలి. దూకేది లేదు, పరుగెత్తేది లేదు. జాడ తీయడానికి విడిగా పరీక్షలు కూడా ఉన్నాయి. దున్నిన నల్లరేగడిలో కాళ్ళు దిగబడతాయి కాబట్టి, కోత అయిన చేనులో తెల్లవారుజామునే మొదలుపెట్టండి. జాడలో దొరికిన వస్తువు ముందు పడుకుని నేను వచ్చేదాకా కదలకుండా ఉండే మా కుక్క కళ్ళలో వెనుకటి ఉత్సాహం ఏమాత్రం తగ్గలేదు. పోటీకి వెళ్ళలేకపోయామన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది, దాన్ని కుక్క మీద మోపలేను కదా.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. భైరవి నా దగ్గరే ఉంటుంది. ఈ వారమే చిన్న జాడతో మొదలుపెడతాను. డాక్టరుగారూ, కేసీ కెనాల్‌లో ఈదించవచ్చా?

జవాబు (ప్రొద్దుటూరు నుండి)

ఈత చాలా మంచిది, కీలు మీద బరువు పడకుండా కండరం పెరుగుతుంది. అయితే పారే కాలువలో వద్దు. లోనికి జారిన కుక్క ఏటవాలు గట్టు ఎక్కలేక అలిసిపోతుంది. మెల్లగా లోతు పెరిగే నిలకడ నీరు చూసుకుని, లైఫ్ జాకెట్ వేసి, మీరూ దానితోపాటు నీటిలోకి దిగండి. మొదట కొద్ది నిమిషాలే చాలు. నెలకొకసారి రెండు తొడల చుట్టుకొలతనూ టేపుతో కొలిచి రాసి ఉంచండి, కండరం పెరుగుతోందో తగ్గుతోందో తెలుస్తుంది.