విశాఖ కొండలు పెరుగుతున్నాయా, అరుగుతున్నాయా?

గెడ్డగట్టు (ప్రశ్న):
తొమ్మిదో తరగతి పిల్లల్ని ఒక రోజు బయటికి తీసుకెళ్లి భూస్వరూపాలు చూపించాలి. పుస్తకంలో లోపలి శక్తులు కొండను లేపుతాయి, బయటి శక్తులు అరగదీస్తాయి అని ఉంది. పక్కన హిమాలయాల బొమ్మ. విశాఖలో అగ్నిపర్వతం లేదు, పెద్ద భూకంపాలూ లేవు. అయినా కైలాసగిరి, సింహాచలం, యారాడ, ఎటు తిరిగినా కొండే. వీటిని లేపిందేమిటి? ఇంకా లేస్తున్నాయా? కైలాసగిరి నుంచి భీమిలి దాకా ఏం చూపించవచ్చో చెప్పండి. ఒక భూతద్దం, ఒక అయస్కాంతం ఉన్నాయి.

తూర్పుకనుమ:
మేష్టారూ, ఇవి లేచిన కొండలు అనేకంటే మిగిలిన కొండలు అనడం సరైనది. దాదాపు వంద కోట్ల ఏళ్ల కిందట మన తూర్పు తీరం, తూర్పు అంటార్కిటికా ఢీకొని ఒకటయ్యాయి. అప్పుడు ఇక్కడ భారీ పర్వతాలు లేచాయి. ఇప్పుడు మనం నడిచేది వాటి మొదలు మీద. కైలాసగిరి రోడ్డు కోతలో కనబడే ఖోండలైటు (ఖోండు గిరిజనుల పేరు మీద 1902లో వాకర్ పెట్టిన పేరు) ఒకప్పుడు మామూలు బంకమట్టి. పాతిక కిలోమీటర్ల లోతుకు దిగి, 800 డిగ్రీలు దాటిన వేడిలో ఉడికి, గార్నెట్, సిల్లిమనైట్ అనే ఖనిజాలున్న రాయి అయింది. అంత లోతు రాయి ఇవాళ బస్సు దిగగానే చేతికి తగులుతోందంటే పైనున్న పాతిక కిలోమీటర్లూ పోయినట్టే. చాలా వరకు కోతే తీసుకుపోయింది.

లేస్తున్నాయా అన్నారు కదా, అది పిల్లలకు టబ్బులో చూపించండి. లావుపాటి చెక్క దిమ్మను నీళ్లలో వేసి, నీటి మట్టం దగ్గర గీత గీయండి. పైభాగం కొంత కోసేసి మళ్లీ వేయండి. గీత నీటి పైకి వస్తుంది. నీటి సాంద్రత 1 అనుకుంటే భూపటలానిది 2.7, దాని కింద ఉన్న మాంటిల్ అనే బరువైన పొరది 3.3. పైన 1000 మీటర్లు అరిగితే కింద నుంచి 800 మీటర్ల పైచిలుకు తేలుతుంది, నికరంగా తగ్గేది 200 లోపే. అంటే మన కొండలు అరుగుతూనే తేలుతున్నాయి. పలకలు గుద్దుకోవడం ఎప్పుడో ఆగిపోయింది. పుస్తకం ఈ మాట చెప్పదు, అదే నా ఫిర్యాదు.

ఇసుకగీత:
పై జవాబుకు ఒక చేర్పు. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట అంటార్కిటికా విడిపోయింది. అది చీలింది దాదాపు ఆ పాత అతుకు వెంబడే. మన తీరం ఈశాన్యానికి వాలి ఉండటం, తూర్పు కనుమలూ అదే దిశలో సాగటం యాదృచ్ఛికం కాదు.

ఇక మీ అయస్కాంతం. భీమిలి దగ్గర ఆటు సమయంలో, అలలు వెనక్కి వెళ్లిన చోట ఇసుక మీద నల్లని, వంకాయ రంగు చారలు కనిపిస్తాయి. అయస్కాంతాన్ని పాలిథిన్ సంచిలో చుట్టి మరీ తిప్పండి. చుట్టకపోతే దానికి అంటిన నలుసుల్ని ఊడదీయడానికే గంట పడుతుంది. ఎగిరి అంటుకునేది మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం. నల్లగా ఉండి కూడా బద్ధకంగా కదిలేది ఎక్కువగా ఇల్మనైట్ అనే ఇనుము, టైటానియం ఖనిజం. ఎర్రగా మెరిసి, మామూలు అయస్కాంతానికి లొంగనిది గార్నెట్. దాని సాంద్రత 4 దాకా, మామూలు ఇసుకలో ఎక్కువగా ఉండే క్వార్ట్జ్‌ది 2.65. అల తేలికదాన్ని ఎత్తుకుపోయి బరువైనదాన్ని వదిలేస్తుంది, చార ఏర్పడేది అందుకే. చేటలో బియ్యం చెరిగినట్టే. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా వచ్చే గోస్తని సముద్రంలో కలిసేది ఇక్కడే. కైలాసగిరిలో రాతిలో ఇరుక్కున్న గార్నెట్‌ను ఉదయం చూపించి, ఇక్కడ విడి గింజను చూపిస్తే చాలు, పాఠం సగం అయిపోయినట్టే. చూశాక ఇసుకను అక్కడే వదిలేయండి.

గెడ్డగట్టు:
చాలా బాగుంది. ఎర్రమట్టి దిబ్బలు కూడా ఈ కొండ మట్టేనా? పిల్లలు లోపలికి దిగితే ప్రమాదమా?

తూర్పుకనుమ:
సరుకు కొండదే, చేరిన దారి వేరు. గత మంచుయుగం పతాక దశలో సముద్ర మట్టం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా కిందికి పోయింది. బయటపడిన ఇసుకను గాలి, వాననీరు ఇక్కడ పోగేశాయి. ఇనుమున్న ఖనిజాలు తుప్పుపట్టి ప్రతి గింజకూ ఎర్ర పూత వేశాయి. గ్లాసుడు నీళ్లలో అలాంటి ఎర్రమట్టి (మీ బడి దగ్గరిదే చాలు) వేసి కుదిపి పెట్టండి. నిమిషంలో ఇసుక అడుగు చేరుతుంది, నీళ్లు మాత్రం గంటలు గడిచినా ఎర్రగానే ఉంటాయి. ఆ సన్నటి మట్టే గింజల్ని పట్టి ఉంచే జిగురు. ఎండలో గోడలా నిటారుగా నిలుస్తుంది, తడిస్తే పట్టు వదిలేస్తుంది. అడుగున నీరు తొలిచాక పైభాగం ఒక్కసారిగా కూలుతుంది, అలా వాగు మొదలయ్యే చోటు వెనక్కి జరుగుతుంది. 2014లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. గోడలు ఎక్కనివ్వకండి, అంచు మీద నిలబడనివ్వకండి, పిడికెడు మట్టి కూడా తేవద్దు.

కొండకోత:
రోడ్డు కోత దగ్గర నిలబెట్టే ముందు ఇది చదవండి. ఖోండలైటు శిథిలమైతే అందులోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం తెల్ల సుద్దవుతుంది, గార్నెట్ తుప్పు మచ్చవుతుంది. గోటితో గీరితే రాలేది అదే. పక్కనే క్వార్ట్జ్ పట్టె మాత్రం మేకుతో గీసినా గీత పడదు. గట్టి పట్టెలు శిఖరాలై నిలిచాయి, మెత్తనివి లోయలయ్యాయి.

అసలు సమస్య పొరల వాలు. అవి రోడ్డు వైపు వాలి ఉన్న చోట కొండ అడుగు తవ్వితే పై పొరకు ఆసరా పోతుంది. వాననీరు పగుళ్లలో చేరి, సుద్ద తడిసి, పొర జారుతుంది. నీరు పోయే గొట్టాలు పెట్టకుండా కట్టిన అడ్డుగోడలు పొర్లిపోయేదీ ఇందుకే. బరువు మట్టిది మాత్రమే కాదు, వెనక నిలిచిన నీటిది కూడా.

పైన కొత్త పగులు, ఒరిగిన చెట్టు, అడుగున బురద నీటి ఊట, వీటిలో ఏది కనిపించినా అక్కడ ఆగకండి. పెద్ద వాన పడ్డాక రెండు రోజులైనా ఆగి వెళ్లండి. పిల్లల్ని కోతకు దాని ఎత్తంత దూరంలో నిలబెట్టి, కింద పడి ఉన్న రాయినే భూతద్దంతో చూపించండి.

ఇసుకగీత:
ముందు కైలాసగిరి, తర్వాత మంగమారిపేట శిలాతోరణం, ఆ పైన దిబ్బలు, చివర భీమిలి. ఆటుపోట్ల వేళలు ముందురోజే చూసుకోండి. తోరణం, ఇసుక చారలు రెండూ ఆటులోనే బాగా కనిపిస్తాయి. ఆటు ఉదయమే వస్తే ఈ వరస తిరగేయండి.