కరెక్షనా, బేర్ మార్కెట్టా? టీవీ ఒకటి చెబుతోంది, నా ఖాతా ఇంకొకటి చూపిస్తోంది

ప్రశ్న (2025 మార్చి మొదటి వారం):
అందరికీ నమస్కారం. పోయిన ఆగస్టులో షేర్లు కొనడం మొదలుపెట్టాను. తొమ్మిదీ చిన్న కంపెనీలే. పెట్టింది 4 లక్షలు, ఈ రోజుకి ఉన్నది 2 లక్షల 80 వేలు. టీవీలో మాత్రం నిఫ్టీ ఇంకా బేర్ మార్కెట్‌లోకి వెళ్లలేదు, ఇది కరెక్షనే అంటున్నారు. మరి నా డబ్బు ఇంత ఎలా తగ్గింది? బుల్లో బేరో ఎలా తెలుసుకోవాలి? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

సమాధానం 1:
తమ్ముడూ, టీవీ వాళ్లు చెప్పేదీ నిజమే, నీకు జరిగిందీ నిజమే. గరిష్ఠం నుంచి 10 శాతం పడితే కరెక్షన్, 20 శాతం పడితే బేర్, పెరుగుతూ పోతే బుల్ అనడం వాడుక, అంతే. 50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ నిఫ్టీ సెప్టెంబరు 27న 26,277 తాకింది. ఇప్పుడు 22,000 దగ్గరుంది, అంటే 16 శాతం తగ్గింది. కానీ నీ దగ్గరున్నవి నిఫ్టీ షేర్లు కావు కదా! చిన్న కంపెనీల సూచీ నిఫ్టీ స్మాల్‌క్యాప్ 100 ఫిబ్రవరికే 20 శాతం గీత దాటేసింది. నీ మటుకు బేర్ వచ్చేసినట్టే. నీ షేర్లు ఏ సూచీ కిందికి వస్తాయో దాన్నే చూడు.

సమాధానం 2:
శాతం లెక్క అంతా అయిపోయాక తెలిసేది. నేను ప్రతి శుక్రవారం సాయంత్రం ఎన్‌ఎస్‌ఈ (నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్) సైటు తెరిచి రెండు అంకెలు నోటుబుక్కులో రాసుకుంటాను. ఆ రోజు 52 వారాల గరిష్ఠం తాకిన షేర్లు ఎన్ని, కనిష్ఠం తాకినవి ఎన్ని. సూచీ పెరుగుతున్నా కనిష్ఠాల అంకె వారం వారం పెరుగుతోందంటే నాలుగు పెద్ద షేర్లే బండి లాగుతున్నాయని అర్థం. చార్టులో 200 రోజుల సగటు గీత (గత 200 రోజుల సూచీ ముగింపుల సగటు) కూడా చూస్తాను. గీత పైకి పోతుండగా సూచీ దాని కిందికి ఒకసారి జారితే కంగారుపడను. గీతే కిందికి వంగితే కొనడం తగ్గిస్తాను.

బేర్‌లో కూడా మార్కెట్ మధ్యమధ్యలో బాగా పెరుగుతుంది. ఎక్కువమంది దెబ్బతినేది అక్కడే. 2008 జనవరిలో నిఫ్టీ 6,300 దాటింది, మార్చికి 4,500 దగ్గరికి పడింది, మే మొదట్లో మళ్లీ 5,200 పైకి వచ్చింది. గండం గడిచిందనుకుని బోనస్ డబ్బంతా అప్పుడే పెట్టాను. అక్టోబరు చివర్లో 2,300 కిందికి వెళ్లింది. ఇంట్లో చెప్పడానికి నాకు ఏడాది పట్టింది.

అలాగని అన్నీ అంత కాలం సాగవు. 2020 జనవరిలో 12,430 ఉన్న నిఫ్టీ మార్చి 24న 7,511కి పడింది, నవంబరుకల్లా పాత గరిష్ఠం దాటేసింది. ఇంకా పడుతుందని కాచుకున్న నా స్నేహితులు చాలామంది కొనలేకపోయారు. అందుకే ఏ ఒక్క గుర్తునూ పట్టుకుని మొత్తం డబ్బు పెట్టకు, మొత్తం తీయకు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అన్నా. ఇంకో మాట. నవంబరులో చెల్లి పెళ్లి. ఇందులో లక్షన్నర దానికే అనుకున్నాం. ఉంచనా, తీయనా?

సమాధానం 2:
తీసెయ్. ఆ లక్షన్నర బుల్‌లో ఉన్నా బేర్‌లో ఉన్నా షేర్లలో ఉండకూడదు. 30 శాతం పడ్డది అసలుకు రావాలంటే దాదాపు 43 శాతం పెరగాలి. నవంబరులోపు పెరుగుతుందని ఎవరు హామీ ఇస్తారు? ఐటీ రిటర్ను మాత్రం గడువులోపు వేసి ఈ నష్టం చూపించు. 8 ఏళ్ల వరకు షేర్ల లాభాల్లో సర్దుకోవచ్చు.

సమాధానం 1:
అప్పులు ఎక్కువున్న కంపెనీలు ముందు తీసెయ్. దొరికిన రేటుకి అమ్మేసే మార్కెట్ ఆర్డర్ కాదు, నువ్వు చెప్పిన రేటుకి తగ్గకుండా అమ్మే లిమిట్ ఆర్డరే పెట్టు. చిన్న షేర్లలో కొనేవాళ్లు తక్కువ, రేటు ఎక్కడికో జారిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
బ్యాలెన్స్ షీట్లు ఇవాళే మొదటిసారి తెరిచాను. తొమ్మిదిలో మూడింటికి అప్పులు బాగా ఉన్నాయి. రేపు ఆ మూడింటికీ లిమిట్ పెడుతున్నాను. పెళ్లికి ఇంకా తక్కువైతే నాలుగోది చూస్తాను.