హీమోలైసిస్‌కి ఒక్క మాట చాలదండి: బుంగ, కోత, గండి

ఇంటర్ బైపీసీ పిల్లలకి చెప్పడానికి హీమోలైసిస్‌కి, అంటే రక్తంలో ఎర్రకణాలు పగిలిపోవడానికి, తెలుగు మాట కావాలని మేడంగారు అడిగారు కదా, కింద అందరూ రక్తకణ విచ్ఛిత్తి అనే రాశారు. తప్పని అననండి. కానీ అది చివరికి ఏమైందో చెప్తుంది తప్ప ఎలా అయిందో చెప్పదు. ఎర్రకణం పొరని బ్యాక్టీరియా అన్నీ ఒకేలా పాడుచెయ్యవు మరి. మా కోనసీమలో ఏటిగట్టు గురించి మాట్లాడేటప్పుడు మూడు మాటలున్నాయి, బుంగ, కోత, గండి. ఆ మూడూ ఇక్కడ అచ్చంగా సరిపోతాయని నా నమ్మకం.

బుంగ అంటే పైకి గట్టు బానే కనపడుద్ది, అడుగున పీత బొక్కలోంచో ఎలక బొక్కలోంచో నీరు లాగేస్తా ఉంటుంది. స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా వదిలే ఆల్ఫా టాక్సిన్ అనే విషం చేసేది ఇదే, దాని ముక్కలు ఏడు పొర మీద చేరి గుండ్రంగా కూడుకుని సన్నటి రంధ్రం పెడతాయి, అందులోంచి హిమోగ్లోబిన్ పట్టదు గానీ ఉప్పు అణువులూ నీరూ లోపలికి వచ్చేస్తాయి, కణం ఉబ్బి ఉబ్బి పగులుతుంది. నీరు బయటికి పోకుండా లోపలికి రావడం ఒక్కటే తేడా. గొంతునొప్పి తెచ్చే స్ట్రెప్టోకాకస్ పయోజినిస్ వదిలే స్ట్రెప్టోలైసిన్ ఓ అయితే పొరలో కొలెస్ట్రాల్‌ని పట్టుకుని 25 నుంచి 30 నానోమీటర్ల బుంగ పెడుతుంది, అంత వెడల్పులోంచి హిమోగ్లోబినే బయటికి పోగలదు.

కోత వేరండి. ఇక్కడ రంధ్రం పెట్టరు, పొర దేంతో కట్టారో దాన్నే ఎంజైము తినేస్తుంది. గ్యాస్ గాంగ్రీన్ తెచ్చే క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్ ఆల్ఫా టాక్సిన్ (పేరు ఒకటే గానీ విషం వేరు) నిజానికి ఫాస్ఫోలైపేజ్ అనే ఎంజైము, పొరలో ఉండే లెసిథిన్ అనే కొవ్వు అణువు తలని తెంచేస్తుంది. ఒక బ్యాక్టీరియా విషం ఎంజైమేనని మొదటిసారి తేలింది దీంతోనే, 1941లో. నాగుపాము విషంలోనూ ఇలాంటి ఎంజైమే ఉంది, కాకపోతే అది లెసిథిన్ తోక ఒకటి కోస్తుంది, మిగిలిన ముక్కకి సబ్బు గుణం వచ్చి పొరని ఇంకా పాడుచేస్తుంది.

గండి అంటే గట్టు తెగిపోవడం, ఇక్కడ కణం పగిలిపోవడం. అది ఎందుకు విడిగా ఉండాలంటే, స్టాఫిలోకాకస్ బీటా టాక్సిన్ చూడండి. గొర్రె ఎర్రకణాల పొరలో స్ఫింగోమైలిన్ అనే ఇంకో కొవ్వు ఎక్కువ, ఈ టాక్సిన్ దాన్ని కోస్తుంది. 37 డిగ్రీల దగ్గర ఎంత కోసినా కణాలు దాదాపు అలాగే నిలబడి ఉంటాయి, బ్యాక్టీరియాని పెంచే రక్తం కలిపిన ప్లేటు తీసి ఫ్రిజ్‌లో పెడితే అప్పుడు పగుల్తాయి. కోత పడింది వెచ్చగా ఉన్నప్పుడు, గండి పడింది చల్లబడ్డాక! విచ్ఛిత్తి అని ఒక్క మాట పెట్టుకుంటే పిల్లవాడికి ఈ రెండూ కలిసిపోతాయి, నా బాధ అదే.

కామెంటు: బాగుందండి. మరి ల్యాబులో బ్లడ్ అగార్ ప్లేటు మీద ఆల్ఫా, బీటా, గామా అంటాం, వాటికేం పేర్లు పెడతారు? ఆల్ఫా టాక్సిన్, ఆల్ఫా హీమోలైసిస్ ఒకటేనా?

జవాబు: కాదండి, చాలామంది తడబడేది ఇక్కడే. ప్లేటు పేర్లు కంటికి కనపడేదాన్ని బట్టి పెట్టినవి. బీటా అంటే కాలనీ (ప్లేటు మీద పెరిగిన బ్యాక్టీరియా గుంపు) చుట్టూ ఎరుపు పోయి తేటపడుతుంది, తేట వలయం అనండి. స్టాఫిలోకాకస్ ఆల్ఫా టాక్సిన్ వల్ల వచ్చేది కూడా ప్లేటు మీద ఈ తేట వలయమే. గామా అంటే మార్పేం ఉండదు. ఇక ఆల్ఫా అంటే కాలనీ చుట్టూ పాచిరంగు వస్తుంది, న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ అలా చేస్తుంది. అది వదిలే హైడ్రోజన్ పెరాక్సైడ్ వల్ల హిమోగ్లోబిన్ రంగు మారుతుందంతే, అక్కడ కణాలు చాలామటుకు నిలబడే ఉంటాయి, కాబట్టి గండి అనకూడదు. పచ్చబారడం అని రాయించండి.