ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో పాత బాయిలర్ మార్చాలి, కాంబీనా హీట్ పంపా?

గుంటూరోడు_రెడింగ్:
అందరికీ నమస్తే. రెండేళ్ల కింద ఇల్లు కొన్నాం, మూడు బెడ్‌రూములు, ఒకటే బాత్రూమ్. ఇల్లూ నీళ్లూ వేడిచేసే బాయిలర్ ఇరవై ఏళ్ల నాటిది, పైన అల్మారాలో వేడినీళ్ల సిలిండరు, లాఫ్ట్‌లో ట్యాంకు. ఈమధ్య ఆన్ చేస్తే చాలు కెటిల్ మరిగినట్టు గుడగుడలాడుతోంది, గదుల్లో రేడియేటర్లు చూస్తే పైన కాలుతున్నాయి, అడుగున ఐసు. చూడ్డానికొచ్చినాయన పార్టులు దొరకవండీ అని కాంబీకి (సిలిండరు లేకుండా అప్పటికప్పుడు నీళ్లు వేడిచేసే బాయిలర్) 3,200 పౌండ్లు కొటేషన్ రాసిచ్చాడు. వచ్చే నెల అమ్మానాన్న వస్తున్నారు, అమ్మకి చలంటే అస్సలు పడదు. ఏం చేయమంటారు?

పాతకాపు:
తమ్ముడూ, అడుగున చల్లగా ఉందంటే లోపల బురద పేరుకుంది. అది కడిగించకుండా కొత్తది బిగిస్తే దానికీ అదే గతి. పవర్ ఫ్లష్ (పైపులు, రేడియేటర్లు జోరు నీళ్లతో కడగడం), మాగ్నెటిక్ ఫిల్టర్ (తుప్పు బురదని పట్టే అయస్కాంతం) కొటేషన్‌లో ఉన్నాయేమో చూడు. గుడగుడకి నీళ్లలోంచి పేరుకునే సున్నం కూడా కారణం కావచ్చు, మీవైపు నీళ్లు ఎలాంటివో నీ కెటిల్ అడుగు చూస్తే తెలీట్లా? ఇంకోటి, కాంబీకి ట్యాంకు ఉండదు, వీధి పైపులో ఎంతొస్తే అంతే. కిచెన్ ట్యాప్ పూర్తిగా తిప్పి బకెట్ పెట్టి నిమిషానికి ఎన్ని లీటర్లొస్తాయో కొలువు, పది కూడా రాకపోతే షవర్ దగ్గర ఏడుపే.

హీట్‌పంప్_బాబాయ్:
ఇంగ్లండ్, వేల్స్‌లో హీట్ పంపుకి (బయటి వేడిని కరెంటుతో ఇంట్లోకి లాగే యంత్రం) 7,500 పౌండ్ల గ్రాంట్ ఉంది, అప్లికేషన్ ఇన్‌స్టాలరే పెడతాడు. కాకపోతే సర్వే, రేడియేటర్ల లెక్క, ఇవన్నీ నెలలో తేలే పనులు కావు, మీ అమ్మగారొచ్చేలోపు నేనైతే ఆశ పెట్టుకోను. కాంబీకే వెళ్లినా ఆ సిలిండరు అల్మారా మాత్రం పగలగొట్టకండి, రేపు పంపు పెట్టాలంటే సిలిండరుకి మళ్లీ చోటు వెతుక్కోవాలి, మేం అదే పొరపాటు చేసి ఇప్పుడు బట్టల బీరువా ఎక్కడ పెట్టాలో తెలీక చస్తున్నాం.

లీడ్స్_అమ్మాయి:
కండెన్సేట్ పైపు (బాయిలర్‌లో ఊరే నీళ్లు బయటికి పోయే గొట్టం) బయటినుంచి వేస్తానంటే ఒప్పుకోకండి అన్నయ్యా. మాకు సన్న పైపు గోడ బయట వేసి వెళ్లాడు, జనవరిలో గడ్డకట్టి పొద్దున్నే బాయిలర్ ఆగిపోయింది, నైటీ మీద జాకెట్ వేసుకుని మగ్గుతో గోరువెచ్చని నీళ్లు పోస్తూ నిలబడ్డా. బయట తప్పనిసరైతే లావు పైపు, పైన లాగింగ్ (చలి తగలకుండా తొడుగు) అడగండి. వచ్చినవాడి గ్యాస్ సేఫ్ కార్డు (గ్యాస్ పని చేసేవాళ్ల రిజిస్ట్రేషన్ కార్డు) వెనక్కి తిప్పి కూడా చూడండి, ఏ పనులకి అర్హత ఉందో అక్కడే ఉంటుంది. బిగించాక హీటింగ్ నీళ్లు 60 డిగ్రీలకి తగ్గించుకోండి, 75లో వదిలేస్తే, పొగలో పోయే వేడిని కూడా వాడుకునే కండెన్సింగ్ బాయిలర్ కొన్న లాభం చాలావరకు పోతుంది.

గుంటూరోడు_రెడింగ్:
బకెట్ పెట్టి చూశా, 14 లీటర్లొచ్చింది. కొటేషన్ మళ్లీ చదివితే ఫ్లష్ అన్న మాటే లేదు, ఫిల్టరూ లేదు. రేపు ఇంకో ఇద్దర్ని పిలుస్తున్నా.